జరగనిదాన్ని చెప్పే వాక్యం: ఇంగ్లీషు షరతులు, తెలుగు విద్యార్థి

(గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి స్మారకోపన్యాసం)



గిడుగు వారి పేరు మీద ఉపన్యాసం అంటే వ్యావహారిక భాషోద్యమం గురించే ఉంటుందని మీలో చాలామంది అనుకుని ఉంటారు. నేను ఇంగ్లీషు వ్యాకరణంలోంచి ఒక చిన్న భాగం ఎంచుకున్నాను. ఇఫ్‌తో కట్టే వాక్యాలు, అంటే షరతు వాక్యాలు. ఈ రెంటికీ ఏం సంబంధం అని అడగబోయే ముందు ఆయన జీవితాన్ని ఒక్కసారి తలుచుకుందాం.

రామమూర్తి గారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరంలో చదువుకున్నారు, గురజాడ అప్పారావు గారు అక్కడే ఆయనకు సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయులయ్యారు. ఆ చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషను ఏ పుస్తకం లేకుండా, వాళ్ల నోట విని నేర్చుకున్నారు. ఆ భాషలో పాఠాలు రాశారు, సవర పిల్లలకు బడులు నడిపారు. 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో ఆయన రాసిన వ్యాకరణ గ్రంథం అచ్చయింది. సవర మాట్లాడేవాళ్లు ఏమంటున్నారో ముందు వినడం, తరువాత సూత్రం రాయడం: ఆయన పద్ధతి అది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఉత్తర సర్కారు జిల్లాల్లో బడుల తనిఖీ అధికారిగా ఉన్న జె. ఎ. యేట్స్ దొర, పరభాషను మాట్లాడే భాషగానే నేర్పాలనే కొత్త పద్ధతిని ప్రచారం చేసేవారు. తెలుగు పాఠం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటీ, పుస్తకంలో ఉన్న భాష మరొకటీ ఎందుకయ్యాయని ఆయనకు సందేహం కలిగింది. పి. టి. శ్రీనివాస అయ్యంగారి ద్వారా ఆ ప్రశ్న గిడుగు, గురజాడల దగ్గరికి చేరింది. కాబట్టి మన వ్యావహారికోద్యమానికి ఒక వేరు ఇంగ్లీషు తరగతి గదిలో ఉంది. ఆ గదిలోకి ఆయనను మళ్లీ పిలవాలని నా కోరిక.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇంగ్లీషు షరతు వాక్యంలో క్రియ రూపం మనకు చెప్పేది కాలం ఒక్కటే కాదు. మాట్లాడే మనిషి ఆ సంగతిని వాస్తవానికి దగ్గరగా ఉంచుతున్నాడా, దూరంగా జరుపుతున్నాడా అన్నది కూడా ఆ రూపమే చెబుతుంది. ఆ దూరాన్ని చెప్పడం తెలుగు పిల్లలకు బడికి రాకముందే వచ్చు. మనం పట్టిక చేతికిచ్చి, వచ్చినదాన్ని కూడా రానట్టు చేస్తున్నాం.

1. పట్టిక

ఉపాధ్యాయులందరికీ ఆ పట్టిక కంఠతా వచ్చు. జీరో కండిషనల్, ఫస్ట్, సెకండ్, థర్డ్. జీరోలో రెండు వైపులా ప్రెజెంట్. ఫస్ట్‌లో ఇఫ్ వైపు ప్రెజెంట్, రెండోవైపు విల్. సెకండ్‌లో ఇఫ్ వైపు పాస్ట్, రెండోవైపు వుడ్. థర్డ్‌లో ఇఫ్ వైపు హాడ్, రెండోవైపు వుడ్ హావ్. పిల్లలు నాలుగు గళ్లూ నోట్సులో గీసుకుంటారు, పరీక్షలో ఖాళీలు నింపుతారు, మార్కులు వస్తాయి.

ఈ పట్టిక తప్పుల తడక అని నేను అనను. మొదటి ఏడాది నేర్చుకునేవాడికి పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. కానీ ఇందులో రెండు లోపాలున్నాయి, రెండూ చిన్నవి కావు.

మొదటిది, ఇంగ్లీషు వాళ్లు రోజూ వాడే వాక్యాలు కొన్ని ఇందులో ఏ గడిలోనూ పట్టవు. బస్టాండులో ఒకరు అంటారు: “ఇఫ్ ద బస్ లెఫ్ట్ ఎట్ సిక్స్, ఇట్ ఈజ్ ఇన్ పలాస బై నౌ.” బస్సు ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి పలాసలో ఉంటుంది. ఇఫ్ వైపు పాస్ట్ ఉంది, కానీ రెండోవైపు వుడ్ లేదు. ఇది ఏ కండిషనల్? పట్టిక చదివిన పిల్లవాడు దీన్ని తప్పు వాక్యం అంటాడు. ఇది నిక్షేపమైన ఇంగ్లీషు.

రెండో లోపం ఇంకా లోతైనది. సెకండ్ కండిషనల్ దగ్గర మనం పిల్లలతో ఏం చెబుతాం? పాస్ట్ టెన్స్ వాడాలి, కానీ అర్థం పాస్ట్ కాదు అని. ఎందుకు కాదో చెప్పం. పిల్లవాడు బుద్ధిమంతుడైతే నమ్మి ఊరుకుంటాడు, తెలివైనవాడైతే ఇంగ్లీషు అంటేనే ఒక అడ్డదిడ్డపు వ్యవహారం అనుకుంటాడు.

వ్యాకరణవేత్తలు ఈ నాలుగు గళ్లను ఏనాడో దాటిపోయారు. క్వెర్క్, ఆయన సహచరులు 1985లో వెలువరించిన బృహద్వ్యాకరణమూ, హడిల్‌స్టన్, పుల్లమ్ 2002లో తెచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణమూ షరతులను ప్రధానంగా రెండుగా చూస్తాయి. ఒకటి తెరిచి ఉన్న షరతు: జరగవచ్చు, జరగకపోవచ్చు, మాట్లాడేవాడు రెండు తలుపులూ తెరిచే ఉంచాడు. రెండోది దూరపు షరతు: జరగలేదనో, జరగదనో, జరిగే సూచన తక్కువనో మాట్లాడేవాడు ఒప్పుకుంటూనే ఊహిస్తున్నాడు. ముందు ఈ తేడా తేల్చుకోవాలి. తరువాత కాలం: జరిగిపోయినదా, ఇప్పటిదా, రాబోయేదా. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికితే రూపం దానంతటదే దొరుకుతుంది.

2. అక్టోబరు 12

ఈ ప్రాంతం వాళ్లకు హుద్‌హుద్ తుపాను గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12 మధ్యాహ్నం అది విశాఖ దగ్గర తీరం దాటింది. ఊళ్లో చెట్లు కూలిపోయాయి, విమానాశ్రయం పైకప్పు చెదిరిపోయింది, కరెంటు పోయింది, ఫోన్లు మూగబోయాయి. ఆ ఒక్క సంఘటన చుట్టూ మనుషులు ఎన్ని రకాల షరతు వాక్యాలు పలికి ఉంటారో చూద్దాం. వాక్యాలు నేను కట్టినవే, పరిస్థితి మాత్రం మీకు తెలిసినదే.

ముందురోజు రాత్రి విశాఖలో ఒకాయన: “ఇఫ్ ఇట్ క్రాసెస్ హియర్ టుమారో, ద పవర్ విల్ గో.” రేపు ఇక్కడే దాటితే కరెంటు పోతుంది. తెరిచి ఉన్న షరతు, రాబోయే కాలం.

అదే రాత్రి అనంతపురంలో టీవీ చూస్తున్న ఒకామె: “ఇఫ్ వుయ్ లివ్‌డ్ ఆన్ ద కోస్ట్, వుయ్ వుడ్ బి లీవింగ్ నౌ.” మనం సముద్రం ఒడ్డున ఉంటే ఈపాటికి బయల్దేరుతూ ఉండేవాళ్లం. ఆమె మాట్లాడేది ఆ క్షణం గురించి. లివ్‌డ్ అన్నది గడిచిన కాలం కాదు, తాము సముద్రం ఒడ్డున లేమన్న ఒప్పుకోలు.

తుపాను వెళ్లిపోయాక: “ఇఫ్ ఇట్ హాడ్ క్రాస్‌డ్ ఎట్ నైట్, మోర్ పీపుల్ వుడ్ హావ్ డైడ్.” రాత్రిపూట దాటి ఉంటే ఇంకా ఎక్కువమంది పోయేవారు. దూరమూ ఉంది, గడిచిన కాలమూ ఉంది. రెండూ ఉన్నాయి కాబట్టే ఇంగ్లీషు ఒక మెట్టు వెనక్కి వెళ్లి హాడ్ తెచ్చుకుంది. లివ్‌డ్ అన్న పాస్ట్ దూరం చెప్పడానికే ఖర్చయిపోతుంది, కాలం చెప్పడానికి ఇంకొకటి కావాలి. థర్డ్ కండిషనల్ అని మనం బట్టీ పట్టించేదానిలోని లెక్క ఇంతే.

ఏళ్ల తరువాత బీచ్ రోడ్డులో ఎండన నడుస్తూ: “ఇఫ్ దోజ్ ట్రీస్ హాడ్ నాట్ ఫాలెన్, దిస్ రోడ్ వుడ్ బి కూల్ నౌ.” షరతు అప్పటిది, ఫలితం ఇప్పటిది. పుస్తకాలు దీనికి మిక్స్‌డ్ అని ఇంకో పేరు పెట్టి పట్టిక కింద ఇంకో గడి తగిలిస్తాయి. రెండు భాగాలకూ కాలం విడివిడిగా అడగండి, కొత్త గడి అక్కర్లేదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జత. ఇక్కడ కాస్త నెమ్మదిగా వినండి. 12వ తేదీ సాయంత్రం హైదరాబాదులో ఒక అమ్మాయి విశాఖలోని తల్లిదండ్రులకు ఫోను చేస్తోంది, కలవడం లేదు. ఆమె రెండు మాటల్లో ఏదో ఒకటి అనవచ్చు.

“ఇఫ్ దే వెంట్ టు ద షెల్టర్, దే ఆర్ సేఫ్.”

“ఇఫ్ దే హాడ్ గాన్ టు ద షెల్టర్, దే వుడ్ బి సేఫ్.”

మొదటి వాక్యంలో ఆశ ఉంది. వెళ్లారో లేదో తెలియదు, వెళ్లి ఉంటే క్షేమంగా ఉంటారు. రెండో వాక్యం విన్నవాడి గుండె జారిపోతుంది. వాళ్లు వెళ్లలేదని ఆమెకు తెలిసిపోయింది, వెళ్లి ఉంటే క్షేమంగా ఉండేవారు అంటోంది. రెండూ గడిచిపోయిన పని గురించే. తేడా అంతా ఆమెకు ఏం తెలుసు అన్నదానిలో ఉంది. ఈ తేడా తెలియకుండా ఖాళీలు నింపిన పిల్లవాడికి నూటికి నూరు వేయండి, రేపు ఎవరైనా ఈ రెండో వాక్యం అంటే వాడికి అర్థం కాదు.

నేను ఇచ్చిన తెలుగు వాక్యాలను ఒకసారి మనసులో మళ్లీ అనుకోండి. “వెళ్లి ఉంటే క్షేమంగా ఉంటారు.” “వెళ్లి ఉంటే క్షేమంగా ఉండేవారు.” షరతు భాగం రెంటిలోనూ అక్షరం మారలేదు. మారింది చివరి క్రియ. తెలుగు ఆ దూరాన్ని వాక్యం చివర ఒక్కచోట చెప్పి ఊరుకుంటుంది. ఇంగ్లీషు రెండుచోట్లా చెబుతుంది. తెలుగు విద్యార్థికి ఈ విషయంలో కొత్తగా నేర్పవలసినది ఆ రెండోచోటే.

3. ఉండేవారు, వుడ్

ఈ ఘట్టం కోసమే నేను ఈ విషయం ఎంచుకున్నాను, కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

“చిన్నప్పుడు రోజూ నాగావళికి ఈతకు వెళ్లేవాళ్లం.” ఇది అలవాటు. ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. “నువ్వు ముందే చెబితే మేమూ వెళ్లేవాళ్లం.” ఇది జరగలేదు. వెళ్లేవాళ్లం అన్న రూపం ఒక్కటే. గడిచిపోయిన అలవాటునూ, జరగని ఊహనూ తెలుగు ఒకే రూపంతో చెబుతోంది.

ఇక ఇంగ్లీషుకు రండి. “వెన్ వుయ్ వర్ చిల్డ్రన్, వుయ్ వుడ్ గో టు ద రివర్ ఎవ్రీ డే.” ఇది అలవాటు. “ఇఫ్ యు హాడ్ టోల్డ్ అస్, వుయ్ వుడ్ హావ్ గాన్.” ఇది జరగనిది. అక్కడా వుడ్, ఇక్కడా వుడ్. వేల మైళ్ల దూరంలో, ఏ చుట్టరికమూ లేని రెండు భాషలు ఒకే పని చేస్తున్నాయి.

ఇంకొంచెం ముందుకు వెళదాం. “సెలవు ఉంటే ఏటికి వెళ్లేవాళ్లం.” ఈ వాక్యానికి రెండు అర్థాలున్నాయి. ఆ రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేవాళ్లం అని ఒకటి. ఇవాళ సెలవు లేదు, ఉంటే వెళ్లేవాళ్లం అని రెండోది. ఇంగ్లీషులో అదే వాక్యం కట్టండి: “ఇఫ్ వుయ్ హాడ్ ఎ హాలిడే, వుయ్ వుడ్ గో టు ద రివర్.” దీనికీ సరిగ్గా అవే రెండు అర్థాలు. తెలుగులో ఎక్కడ సందిగ్ధత ఉందో ఇంగ్లీషులోనూ అక్కడే ఉంది. ఇంత అందమైన సంగతి మన వ్యాకరణ పాఠంలో ఎక్కడా కనిపించకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ఇది ఈ రెండు భాషలకే పరిమితం కాదు. హిందీలో “ఆతా తో దేఖ్‌తా” అన్నప్పుడు వచ్చేది అలవాటును చెప్పే రూపమే. గ్రీకు భాషను ఆధారం చేసుకుని సబీన్ ఇయాట్రిడూ 2000లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, గడిచిన కాలపు రూపాలు వాస్తవం కాని వాటిని చెప్పడానికి ఎన్ని భాషల్లో ఎలా పనికొస్తున్నాయో చర్చిస్తుంది. అంతకంటే ఎంతో ముందు డెన్మార్కు పండితుడు ఒటో యెస్పర్‌సన్, ఇంగ్లీషు పాస్ట్ టెన్స్‌కు కాలంతో పని లేని ఈ ఊహ ప్రయోగం ఉందని వివరించాడు. యెస్పర్‌సన్ పుట్టింది 1860లో, మన రామమూర్తి గారికంటే మూడేళ్లు ముందు. ఆయన కూడా పరభాషను సూత్రాలతో కాకుండా బతికున్న వాక్యాలతో నేర్పాలని పోరాడినవాడే. భాషాబోధన మీద ఆయన పుస్తకం 1904లో ఇంగ్లీషులోకి వచ్చింది. ఒకరు కోపెన్‌హాగెన్‌లో, ఒకరు పర్లాకిమిడిలో.

గడిచినది మన చేతిలో లేదు, ఊహించినదీ మన చేతిలో లేదు. రెండూ ఇక్కడివి, ఇప్పటివి కావు. అందుకే ఒక రూపం రెంటికీ సరిపోతోందని భాషాశాస్త్రజ్ఞులు కొందరు వివరిస్తారు. తరగతిలో అంత సిద్ధాంతం అవసరం లేదు. “ఉండేవారు” అని తెలుగులో నోటికొస్తే ఇంగ్లీషులో ఇవతల వుడ్ రావాలి, అవతల ఇఫ్ పక్క క్రియ ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. ఈ ఒక్క మాట ఎనిమిదో తరగతి పిల్లలు పట్టుకుంటారు.

“ఇఫ్ ఐ వర్ యు” గురించి ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతాను. ఐ పక్కన వర్ రావడం, ఒకప్పుడు ఇంగ్లీషులో ఊహకు ఉన్న ప్రత్యేక క్రియారూపంలో మిగిలిన ముక్క. మాటల్లో చాలామంది “ఇఫ్ ఐ వాజ్” అంటారు. రాతలో, ముఖ్యంగా పరీక్షలో, వర్ రాయించండి. వాజ్ అన్న పిల్లవాడికి భాష రాదని మాత్రం అనకండి.

4. తెలుగు ఎక్కడ దారి తప్పిస్తుంది

ఇంతవరకూ తెలుగు సాయం చేసింది. సాయం చేయని చోటు కూడా చెప్పాలి.

రామమూర్తి గారి కాలపు పాఠ్యపుస్తకాల్లో “వచ్చినయెడల”, “వచ్చినచో” అని ఉండేవి. ఇంట్లో మాత్రం అందరూ “వస్తే” అనేవారు. సంప్రదాయ వ్యాకరణం ఈ రూపాన్ని చేదర్థకం అంటుంది. “వచ్చినయెడల” షరతుకే కట్టుబడి ఉంటుంది. వాడుకలోని “వస్తే” అలా కాదు, దాని బతుకు చాలా పెద్దది. ఆయన చేసినట్టు మనుషుల నోట వింటేనే అది తెలుస్తుంది.

“తెల్లారితే పరీక్ష.” తెల్లారడంలో అనుమానం ఏముంది? “వెళ్లి చూస్తే తలుపుకు తాళం వేసి ఉంది.” వెళ్లాను, చూశాను, అది జరిగిపోయింది. “నువ్వు రమ్మంటేనే వచ్చాను.” రమ్మన్నావు, అందుకే వచ్చాను. ఈ మూడింటిలోనూ తే ఉంది, షరతు ఒక్కదానిలోనూ లేదు. ఇంగ్లీషు వీటిలో దేనికీ ఇఫ్ వాడదు. మొదటి రెంటికీ వెన్ కావాలి, మూడోదానికి బికాజ్ కావాలి. “ఇఫ్ ఐ వెంట్ అండ్ సా, ద డోర్ వాజ్ లాక్డ్” అని రాసిన పిల్లవాడు అజాగ్రత్తగా రాయలేదు, తెలుగులో సరైన వాక్యాన్నే కట్టాడు. వాడికి ఎర్ర గీత కన్నా ముందు ఒక ప్రశ్న కావాలి: ఇది జరిగిందా, జరగవచ్చా? జరిగిందే అయితే ఇఫ్ వద్దు.

“ఇఫ్ సపోజ్ హి కమ్స్” అని మనవాళ్లు ఎక్కువగా అంటారు. దాని వెనక ఉన్నది “ఒకవేళ వస్తే”. తెలుగులో ఒకవేళ, తే రెండూ కలిసి నడుస్తాయి, ఇంగ్లీషులో ఇఫ్, సపోజ్ ఒక్కోటే చాలు. అన్‌లెస్ మరో గొయ్యి. “కట్టకపోతే” అన్న వ్యతిరేకం మనసులో ఉండటం వల్ల “అన్‌లెస్ యు డోంట్ పే” అని వచ్చేస్తుంది, అర్థం తలకిందులవుతుంది. అన్‌లెస్‌కు దగ్గరగా ఉండే తెలుగు “కడితే తప్ప”. పిల్లలకు అది ఇచ్చి చూడండి. ఇన్ కేస్ కూడా అంతే. “టేక్ ఎన్ అంబ్రెల్లా ఇన్ కేస్ ఇట్ రెయిన్స్” అంటే వాన పడితే తీసుకోమని కాదు, పడుతుందేమోనని ఇప్పుడే తీసుకోమని.

5. విల్ గురించి

ఇఫ్ పక్కన విల్ రాకూడదు అన్న సూత్రం బడిలో గట్టిగా చెబుతాం. “ఇఫ్ హి విల్ కమ్” అని రాసే పిల్లవాడు రాబోయే కాలం కదా, విల్ పెట్టాలి కదా అని జాగ్రత్తపడుతున్నాడు. వాడికి తెలుగే చూపించండి. “రేపు వస్తే చెబుతాను.” వస్తే అన్నదానిలో రేపు ఎక్కడుంది? చెబుతాను అన్నదానిలోనే ఉంది. షరతు భాగానికి సొంత కాలం అక్కర్లేదు, ఫలితం దగ్గర చెబితే చాలు.

న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఎవరైనా ఉంటే వాళ్లకో మాట. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 31వ సెక్షన్ షరతుతో కూడిన ఒప్పందాన్ని నిర్వచించి ఒక ఉదాహరణ ఇస్తుంది: బి ఇల్లు కాలితే పదివేల రూపాయలు ఇస్తానని ఎ ఒప్పుకుంటాడు. ఇల్లు కాలేది ఎప్పుడైనా సరే రాబోయే కాలంలోనే. అయినా ఇంగ్లీషు చట్టంలో ఆ క్రియ ప్రెజెంట్‌లోనే ఉంది.

ఇంకోటి కూడా నిజాయితీగా చెప్పాలి. ఇఫ్ పక్కన విల్ కొన్నిచోట్ల వస్తుంది. “ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్, ఐ విల్ కాల్ హర్.” ఒక్క నిమిషం ఆగుతారా, ఆవిడను పిలుస్తాను. ఇక్కడ విల్ కాలం చెప్పడం లేదు, ఎదుటివాడి ఇష్టాన్ని మర్యాదగా అడుగుతోంది. సూత్రం చెప్పేటప్పుడే ఇదీ చెబితే, రేపు ఏ ఆఫీసులోనో ఈ మాట విన్న పిల్లవాడు మన పాఠాన్ని అనుమానించడు.

6. కన్యాశుల్కం ఎవరు రాశారు?

తత్త్వవేత్తలు ఈ దూరం గురించి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఎర్నెస్ట్ ఆడమ్స్ 1970లో కెనడీ హత్యను తీసుకుని ఒక జత వాక్యాలు చూపించాడు. వాక్యాలు దాదాపు ఒకటే, ఒకటి నిజం, రెండోదాన్ని నిజమని చెప్పలేం. నేను అదే జతను మన ఊరివాళ్లతో కడతాను.

“గురజాడ కన్యాశుల్కం రాసి ఉండకపోతే, ఇంకెవరో రాసి ఉంటారు.” నాటకం 1892లో ఆడారు, 1897లో అచ్చయింది, మన చేతిలో ఉంది. రచయిత ఎవరో ఒకరు ఉండి తీరాలి. కాబట్టి ఈ మాట కాదనలేనిది. ఇంగ్లీషులో “ఇఫ్ గురజాడ డిడ్ నాట్ రైట్ ఇట్, సమ్‌వన్ ఎల్స్ డిడ్.”

“గురజాడ కన్యాశుల్కం రాసి ఉండకపోతే, ఇంకెవరో రాసి ఉండేవారు.” ఇంగ్లీషులో “ఇఫ్ గురజాడ హాడ్ నాట్ రిటెన్ ఇట్, సమ్‌వన్ ఎల్స్ వుడ్ హావ్.” ఈ మాటకు ఈ సభలో ఒక్కరైనా ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను. ఆ ఊహా ప్రపంచంలో గిరీశమూ లేడు, మధురవాణీ లేదు.

ఇంత తేడాను మోస్తున్నది ఇంగ్లీషులో ఒక హాడ్, ఒక వుడ్ హావ్. తెలుగులో ఒక “ఉండేవారు”. వ్యాకరణం మార్కుల కోసం కాదని పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

షరతులా కనిపిస్తూ షరతు కానివీ ఉన్నాయి. “ఆకలేస్తే గిన్నెలో పులిహోర ఉంది” అంటాం. ఆకలి లేకపోయినా పులిహోర ఉంటుంది కదా? ఆక్స్‌ఫర్డ్ తత్త్వవేత్త జె. ఎల్. ఆస్టిన్ 1956లో ఇచ్చిన ఉపన్యాసంలో బిస్కెట్లతో ఇలాంటి వాక్యాన్నే ఎత్తి చూపాడు. ఇక్కడ ఇఫ్ కారణాన్ని చెప్పదు, ఆ మాట ఇప్పుడు ఎందుకు చెబుతున్నానో చెబుతుంది. తెలుగు, ఇంగ్లీషు ఇక్కడ మళ్లీ పక్కపక్కనే నిలబడ్డాయి.

7. వాడుక

వెనక వరుసల్లోని బి.ఇడి. విద్యార్థుల కోసం వాడుక గురించి రెండు మాటలు. మన ఉద్యోగ దరఖాస్తుల చివర “ఇఫ్ ఐ యామ్ గివెన్ ఎ ఛాన్స్” అని రాసే అలవాటు ఉంది. పాతకాలపు వాక్యమే కానీ రూపం సరైనది: అవకాశం రావచ్చు, తలుపు తెరిచే ఉంది. అక్కడ “ఇఫ్ ఐ వర్ గివెన్” అని రాస్తే, నాకు ఇవ్వరులే అని మీరే ముందుగా ఒప్పుకున్నట్టు వినిపిస్తుంది. వీసా ఇంటర్వ్యూలో “వాట్ వుడ్ యు డూ ఇఫ్” అని అడిగితే అది ఊహ ప్రశ్న, జవాబులోనూ వుడ్ రావాలి. “వాట్ విల్ యు డూ ఇఫ్” అంటే మీ పథకం అడుగుతున్నారు, విల్‌తో చెప్పండి. ప్రశ్నలో ఏ రూపం ఉందో వినడమే సగం జవాబు.

సాఫ్ట్‌వేర్ నేర్చుకునేవారు రోజూ ఇఫ్ రాస్తుంటారు. యంత్రానికి ఇచ్చే ఆ ఇఫ్‌లో దూరం లేదు, నిజమా కాదా అన్నది ఒక్కటే ఉంది. మనుషులతో మాట్లాడేటప్పుడు ఆ ఒక్కదానితో సరిపోదు. జరగనిదాన్ని తలుచుకుని విచారించడానికీ, ఎదుటివాడిని నొప్పించకుండా అడగడానికీ, తప్పు ఎక్కడ జరిగిందో విప్పి చూసుకోవడానికీ ఆ దూరం కూడా కావాలి.

ఇక ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం. ఖాళీ వదిలి, పక్కన క్రియ ఇచ్చి, సరైన రూపం రాయమనే ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టండి. పరిస్థితి ఇవ్వండి. ఉదాహరణకు ఇది: ఊరి చెరువు గట్టుకు బీట పడింది. సాయంత్రం సర్పంచి అంటున్నాడు, వాన ఆగకపోతే ఏమవుతుందో. పట్నంలో ఉన్న ఆ ఊరి కుర్రాడు అంటున్నాడు, తాను ఇప్పుడు అక్కడుంటే ఏం చేసేవాడో. మర్నాడు పొద్దున నీళ్లలో నిలబడి ఒక ముసలాయన అంటున్నాడు, నిరుడే మరమ్మతు చేసి ఉంటే ఏమయ్యేదో. ముందు ఈ మూడు మాటలూ పిల్లల చేత తెలుగులో, వాళ్ల ఇంటి తెలుగులో చెప్పించండి. చివరి క్రియల కింద గీత గీయించండి. ఆ గీతలు చూసుకుంటూ ఇంగ్లీషులో కట్టించండి.

వాళ్లు రాసిన వాక్యాలు, తప్పులతో సహా, ఈ సభ నిర్వాహకుల ద్వారా నాకు పంపండి. ప్రతి కాగితమూ చదువుతాను. ముఖ్యంగా సవర, కువి, గదబ మాట్లాడే పిల్లలు ఉన్న బడుల నుంచి పంపండి. వాళ్ల భాషల్లో జరగనిదాన్ని ఎలా చెబుతారో అదే కాగితం మీద ఇంకో వరుసలో రాయించండి. రామమూర్తి గారు ఉంటే మొదట అడిగేది ఆ వరుసే.